ఓజీ డోటా 2 జట్టు కూర్పు, 2015–2022: ఎవరు వచ్చారన్నది కాదు, ఎవరు ఏమి వదులుకున్నారన్నది

కొత్త సీజన్‌కు ముందు ఆటగాళ్లను ఎంపిక చేసే సమావేశంలో మేనేజర్ ముందుకు వచ్చే కాగితం చాలా జట్లలో ఒకే రకంగా ఉంటుంది. ఒక వరుసలో పేరు, పక్కన వయసు, గత కొన్ని నెలల గణాంకాలు, అడుగుతున్న జీతం, పాత జట్టుతో ఒప్పందం ముగిసే తేదీ. హైదరాబాద్‌లో మొబైల్ గేముల జట్లకు కూర్పు చూసే పనిలో ఉన్న నేను కూడా చాలాకాలం అటువంటి కాగితాలే తయారు చేశాను. అందులో ఒక గడి ఎప్పుడూ ఉండేది కాదని, అసలు ఉండవలసినది అదేనని నాకు ఆలస్యంగా తెలిసింది. ఈ ఆటగాడు వస్తే, ఇప్పటికే ఉన్నవాళ్లలో ఎవరు ఏమి వదులుకోవలసి వస్తుంది? ఈ ప్రశ్నను కొత్తగా పనిలోకి వచ్చిన మేనేజర్లకు వివరించడానికి నేను వాడే కేసు మన దేశానిది కాదు, నేను పనిచేసే గేముదీ కాదు. అది డోటా 2 అనే కంప్యూటర్ గేము ఆడే, యూరప్‌కు చెందిన ఓజీ అనే జట్టుది. ఆ జట్టులో ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరు ఎప్పుడు వెళ్లారో, ఎవరు ఏ స్థానంలో ఆడారో అంతా బహిరంగంగా నమోదై ఉంది. పైగా ఏడు సీజన్లలో ఆ జట్టు గెలవడం, చెదిరిపోవడం, మళ్లీ గెలవడం, మళ్లీ చెదిరిపోవడం ఇన్నిసార్లు జరిగింది కాబట్టి, ఒకే సంస్థలో ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు దొరుకుతాయి.

ఐదు మడులు, ఒకే కాలువ

డోటా ఆడనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. ప్రతి జట్టులో ఐదుగురు ఉంటారు. ఆట మైదానంలో దొరికే బంగారం పరిమితం, ఆ బంగారంతోనే ఆయుధాలు కొనాలి. కాబట్టి ఐదుగురికీ సమానంగా పంచడం ఏ జట్టూ చేయదు. ఒకటో స్థానం క్యారీది. ఆట చివరి భాగంలో గెలిపించవలసినవాడు అతనే కనుక బంగారంలో పెద్ద వాటా అతనికే వెళుతుంది. రెండో స్థానం మిడ్, మూడోది ఆఫ్‌లేన్. నాలుగు, ఐదు స్థానాల్లో సపోర్ట్ ఆటగాళ్లు ఉంటారు. ఐదో స్థానంలో ఉన్నవాడు తనకు దక్కిన కొద్దిపాటి బంగారాన్ని కూడా జట్టుకు చూపునిచ్చే వార్డులు కొనడానికి ఖర్చు పెట్టి, అవసరమైతే తానే చచ్చిపోయి క్యారీని కాపాడతాడు. కాలువ కింద వ్యవసాయం తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకటో స్థానం తూము పక్క మడి, ఐదో స్థానం చివరి ఆయకట్టు. కూర్పు మార్చడమంటే మనిషిని మార్చడం మాత్రమే కాదు, నీటి వంతులు మార్చడం. ఆ వంతుల దగ్గర ఊళ్లలో ఎన్ని తగాదాలు వస్తాయో, జట్లలోనూ అన్నీ వస్తాయి. కాకపోతే ఇక్కడ వాటిని ‘కెమిస్ట్రీ కుదరలేదు’ అంటారు.

ఈ కేసును చదివేటప్పుడు నేను ప్రతి సీజన్‌కూ రెండు విషయాలే చూస్తాను. ఏ కుర్చీలో ఎవరు కూర్చున్నారు? ఆ కుర్చీలోకి రావడానికి వాళ్లు ఏ కుర్చీ వదిలి వచ్చారు?

తొలి జట్టు: 2015–16

2015 ఆగస్టులో మంకీ బిజినెస్ అనే పేరుతో ఐదుగురు ఆటగాళ్లు ఒక జట్టుగా చేరారు. అదే ఏడాది అక్టోబర్ ఆఖరున ఆ జట్టు ఓజీ అయింది. దాన్ని పెట్టింది పెట్టుబడిదారులు కాదు, ఆటగాళ్లే. డెన్మార్క్‌కు చెందిన యోహాన్ సన్‌స్టైన్ (ఆటలో పేరు నోటెయిల్), ఇజ్రాయెల్‌కు చెందిన టాల్ ఐజిక్ (ఫ్లై) ఇద్దరూ హీరోస్ ఆఫ్ న్యూయర్త్ అనే పాత గేము నాటి నుంచి కలిసి ఆడినవారు. మిగతా ముగ్గురిలో మిరాకిల్ అనే పేరుతో ఆడే అమెర్ అల్-బర్కావీ అప్పటికి పద్దెనిమిదేళ్లవాడు, పబ్లిక్ ర్యాంకుల్లో పేరు మోగిపోతున్నవాడు. కెనడాకు చెందిన డేవిడ్ టాన్ (మూన్‌మియాండర్) ఆఫ్‌లేన్‌లో, డెన్మార్క్‌కే చెందిన ఆండ్రియాస్ నీల్సన్ (క్రిట్) నాలుగో స్థానంలో ఆడారు. నోటెయిల్ క్యారీ, మిరాకిల్ మిడ్, ఐదో స్థానంలో కెప్టెన్ ఫ్లై.

పేరు మారిన మూడు వారాలకే, 2015 నవంబర్‌లో, ఈ జట్టు ఫ్రాంక్‌ఫర్ట్ మేజర్ (డోటాలో పెద్ద టోర్నమెంట్లను మేజర్లు అంటారు) ఫైనల్‌లో టీమ్ సీక్రెట్‌ను 3–1తో ఓడించింది. 2016 జూన్‌లో మనీలా మేజర్‌ను టీమ్ లిక్విడ్ మీద అదే తేడాతో గెలిచింది. అందుకే ఆ ఆగస్టులో సియాటిల్‌లో జరిగిన ఆరో ఇంటర్నేషనల్‌కు (డోటాలో ప్రపంచ కప్ వంటిది ఇదే, అభిమానులు టీఐ అంటారు) గెలుపు అంచనాల్లో ముందు వరుసలో వచ్చింది. వచ్చి, ఫిలిప్పీన్స్‌కు చెందిన టీఎన్‌సీ చేతిలో 0–2తో ఓడి, 9–12 స్థానాల మధ్య ఆగిపోయింది. ఆ తర్వాత మిరాకిల్ టీమ్ లిక్విడ్‌కు, క్రిట్ ఈవిల్ జీనియసెస్‌కు వెళ్లారు. మూన్‌మియాండర్ కూడా జట్టు విడిచాడు. ఒక్క ఓటమితో ఐదుగురిలో ముగ్గురు వెళ్లిపోయారు.

మా వృత్తిలో దీన్ని సాధారణంగా ‘టీఐ తర్వాతి షఫుల్’ అని తేలికగా చెప్పేస్తారు. నిజానికి అప్పటి నిబంధనలే దానికి దారి తీశాయి. డోటాను తయారు చేసే వాల్వ్ సంస్థ 2015 నుంచి కూర్పులో మార్పులకు గడువు తేదీలు పెట్టింది. గడువు దాటాక మార్చిన జట్టు ఇంటర్నేషనల్‌కు నేరుగా వచ్చే ఆహ్వానాన్ని వదులుకొని, ఎవరైనా పాల్గొనగలిగే ఓపెన్ క్వాలిఫయర్ల నుంచి మొదలుపెట్టాలి. దానితో సీజన్ మధ్యలో పేరుకుపోయిన అసంతృప్తి అంతా ఆగస్టు ఆఖరున ఒక్కసారిగా బయటపడేది. బదిలీల కిటికీ తెరుచుకునే రోజున మాట్లాడుకుంటే అది చర్చలా ఉండదు, విడాకుల్లా ఉంటుంది.

రెండో జట్టు: పూడ్చిన ఖాళీలు, కదలని కుర్చీలు

2016 శరత్కాలానికి ఫ్లై, నోటెయిల్ కలిసి మూడు ఖాళీలను నింపారు. పేరు పెద్దగా ఎవరికీ తెలియని ఆస్ట్రేలియా కుర్రాడు అనాథన్ ఫామ్ (అనా) మిడ్‌కు వచ్చాడు. 2013లో అలయన్స్‌తో ఇంటర్నేషనల్ గెలిచిన స్వీడన్ ఆటగాడు గుస్తావ్ మాగ్నుసన్ (ఎస్‌ఫోర్) ఆఫ్‌లేన్‌కు, ఫిన్లాండ్‌కు చెందిన యెస్సె వైనిక్క (జెరాక్స్) నాలుగో స్థానానికి వచ్చారు. ఇందులో ఎస్‌ఫోర్ విషయం గమనించదగినది. అతని పేరు, అతని ఇంటర్నేషనల్ ట్రోఫీ రెండూ మిడ్‌లో వచ్చినవి. ఓజీలో అతను ఆ కుర్చీని పదహారేళ్లు దాటి ఎంతో కాలం కాని కుర్రాడికి వదిలి, తక్కువ వాటా ఉండే ఆఫ్‌లేన్‌కు జరిగాడు. ట్రోఫీ ఉన్నవాడు పక్కకు జరగడమంటే చిన్న విషయం కాదు. ఆ సర్దుబాటు చేరేముందే కుదిరింది కాబట్టే జట్టు త్వరగా నిలదొక్కుకుందని నా అంచనా.

ఫలితం కూడా అలాగే వచ్చింది. 2016 డిసెంబర్‌లో బోస్టన్ మేజర్‌ను యాడ్ ఫినెం మీద 3–1తో, 2017 ఏప్రిల్‌లో కీవ్ మేజర్‌ను వర్టస్‌ప్రో మీద ఐదు గేముల ఫైనల్లో 3–2తో గెలిచారు. ఆ దశలో జరిగిన మేజర్లు మొత్తం ఐదు. షాంఘై ఒక్కటి టీమ్ సీక్రెట్‌కు వెళ్లగా, మిగతా నాలుగూ ఓజీవే. నాలుగింటిలోనూ ఆడినవారు ఇద్దరే: ఫ్లై, నోటెయిల్. అయినా 2017 ఆగస్టులో ఏడో ఇంటర్నేషనల్‌లో 7–8 స్థానాల దగ్గరే జట్టు ఆగింది. అనా విరామం తీసుకున్నాడు. ఉక్రెయిన్‌కు చెందిన రెజల్యూషన్ చేరాడు.

2017–18 సీజన్ గురించి ఎక్కువ చెప్పను. జట్టు పెద్ద వేదికల మీద మునుపటిలా కనిపించలేదు. ఆ సీజన్ నుంచి కొత్తగా ప్రో సర్క్యూట్ పాయింట్లు వచ్చాయి. వాటి పట్టికలో ముందున్న ఎనిమిది జట్లకే నేరుగా ఆహ్వానం. ఓజీ ఆ ఎనిమిదిలో పడే అవకాశం నెలనెలా తగ్గింది. వసంతం ముగిసేసరికి రెజల్యూషన్ వెళ్లిపోయాడు. అతని స్థానం పూడ్చడానికి అంతవరకు కోచ్‌గా ఉన్న ఫ్రాన్స్ దేశస్థుడు సెబాస్టియన్ డెబ్స్ (సెబ్) హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. మే నెలాఖరున ఫ్లై, ఎస్‌ఫోర్ ఇద్దరూ ఓజీ విడిచి ఈవిల్ జీనియసెస్‌లో చేరారు.

2018 మే నుంచి ఆగస్టు వరకు

ఈ కేసుకు గుండెకాయ ఈ మూడు నెలలే. జట్టులో మిగిలింది ముగ్గురు. నాలుగు మేజర్లలో మొట్టమొదటి నుంచి తోడున్న కెప్టెన్ వెళ్లిపోయాడు. నోటెయిల్ అప్పుడు పడ్డ బాధ తర్వాత బహిరంగంగానే వినిపించింది కాబట్టి అభిమానులు దీన్ని స్నేహం, ద్రోహం కథగా చెప్పుకున్నారు, ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఆ కథకు విలువ లేదనను. కానీ కూర్పు చూసేవాడి పని వేరు. కోపం ఒక గేము గెలిపించగలదు గాని, ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో అది చెప్పదు.

వాళ్లు చేసిన పని ఏమిటంటే, ఐదింటిలో నాలుగు కుర్చీలను కదిలించారు. ఫ్లై కూర్చున్న ఐదో స్థానంలోకి, అతని కెప్టెన్సీతో సహా, నోటెయిల్ దిగాడు. మేజర్లు గెలిచిన క్యారీ, జట్టు స్థాపకుడు, అందరికంటే తెలిసిన పేరు. అటువంటివాడు తూము పక్క మడి వదిలి చివరి ఆయకట్టుకు వెళ్లాడు. ఖాళీ అయిన క్యారీ స్థానంలోకి విరామం ముగించుకొని తిరిగి వచ్చిన అనా వెళ్లాడు. అతను అంతకుముందు మిడ్. మిడ్‌లోకి ఫిన్లాండ్‌కు చెందిన టోపియాస్ తావిత్సైనెన్ (టాప్సన్) వచ్చాడు. ఇరవై ఏళ్ల టాప్సన్‌కు ఇంటి నుంచి ఆడిన గేములే ఎక్కువ, పెద్ద వేదిక మీద ఆడిన అనుభవం లేనట్టే. ఆఫ్‌లేన్‌లో కోచ్‌గా ఉన్న సెబ్. పాత కుర్చీలోనే ఉన్నవాడు జెరాక్స్ ఒక్కడే.

ఈ పట్టికను నేను మేనేజర్లకు చూపించి, దీన్ని మీరు ఆమోదించేవారా అని అడుగుతాను. నిజాయితీగా ఆలోచిస్తే ఎవరూ ఆమోదించరు. ఆడడం మానుకొని కోచ్ అయినవాడు, వేదిక ఎరుగని కుర్రాడు, విరామంలో ఉన్నవాడు, కొత్త స్థానంలోకి దిగిన కెప్టెన్. ఇందులో ఏ ఒక్కటైనా విడిగా రిస్కే. కానీ ఇంకో విధంగా చదివితే ఇందులో అరుదైన లక్షణం ఒకటి కనిపిస్తుంది. జట్టులో ఎక్కువ అధికారం ఉన్న ఇద్దరు, అంటే నోటెయిల్, సెబ్, తక్కువ వాటా దక్కే స్థానాలు తీసుకున్నారు. ఎక్కువ వాటా దక్కే స్థానాలు రెండూ ఇద్దరు కుర్రాళ్లకు వెళ్లాయి. అనాకు అప్పటికి పద్దెనిమిదేళ్లు. సాధారణంగా జట్లలో అధికారం ఎక్కడ ఉంటే బంగారం కూడా అక్కడికే ప్రవహిస్తుంది. ఇక్కడ రెండూ విడిపోయాయి. యజమాని తానే చివరి మడిలో నిలబడి ఉంటే, తూము పక్కవాడు నీళ్లు వృథా చేయడానికి జంకుతాడు. అంతేకాదు, ఏదైనా తేడా వస్తే అడగడానికి యజమానికి నోరుంటుంది.

గడువు నిబంధన కూడా వాళ్ల మీద పనిచేసింది. గడువు దాటి కూర్పు మార్చినందుకు ఓజీ ఓపెన్ క్వాలిఫయర్ల నుంచి ఆడవలసి వచ్చింది. ఆ ఏడాది క్వాలిఫయర్ల ద్వారా యూరప్ నుంచి వెళ్లగలిగింది ఒకే ఒక్క జట్టు. ఆ ఒక్క బెర్తు ఓజీకి దక్కింది. బయటి నుంచి చూస్తే ఇది శిక్ష. కొత్తగా చేరిన ఐదుగురికి మాత్రం ఇది ఓడితే ఇంటికి వెళ్లే మ్యాచ్‌లను వరుసగా ఆడే సాధన. ఆహ్వానం ఉన్న జట్టు ఆ వారాల్లో తలుపులు మూసుకొని స్క్రిమ్స్ ఆడుతుంది, ప్రాక్టీసులో ఓడినా పోయేది లేదు. ఈ రెండింటి మధ్య తేడాను నేను తేలికగా తీసుకోను. ఫిన్లాండ్‌కు చెందిన క్రీడా మనస్తత్వవేత్త మియా స్టెల్‌బర్గ్ ఆ వేసవిలో జట్టుతో పనిచేసిన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొత్త జట్టుకు మొదట కావలసింది వ్యూహాల పుస్తకమని అనుకునే సంస్థలు, ఉన్న కొద్ది వారాల్లో ఓజీ దేనికి సమయం కేటాయించిందో గమనించవచ్చు.

వాంకూవర్‌లోని రోజర్స్ అరీనాలో ఎనిమిదో ఇంటర్నేషనల్. గ్రూప్ దశలో నాలుగో స్థానం, అంటే అప్పర్ బ్రాకెట్‌లోకి (ఒకసారి ఓడినా ఇంకో అవకాశం ఉండే పై వరుసలోకి) చివరి బెర్తు. అక్కడి నుంచి వీజీజే స్టార్మ్‌ను 2–0తో, ఫ్లై, ఎస్‌ఫోర్, క్రిట్ ఉన్న ఈవిల్ జీనియసెస్‌ను 2–1తో, పీఎస్‌జీ ఎల్‌జీడీని 2–1తో దాటి ఫైనల్‌కు వచ్చారు. ఫైనల్‌లో మళ్లీ ఎల్‌జీడీయే. మొదటి గేము గెలిచి, తర్వాత రెండూ ఓడి, చివరి రెండూ గెలిచారు. మొత్తం ప్రైజ్ పూల్ 2.55 కోట్ల డాలర్లలో విజేత వాటా దాదాపు 1.12 కోట్ల డాలర్లు.

వెళ్లిపోయినవాళ్ల నిర్ణయం తప్పని ఈ ఫలితం నిరూపించిందా? నాకలా అనిపించదు. ఈవిల్ జీనియసెస్ కూడా క్వాలిఫయర్ల దారిలోనే వచ్చి అదే టోర్నమెంట్‌లో మూడో స్థానం సాధించింది. అంటే మే నెలలో చీలిన పాత ఓజీ రెండు ముక్కలూ ఆగస్టులో ప్రపంచంలో మొదటి మూడు స్థానాల్లో ఉన్నాయి. నాలుగు మేజర్ల స్నేహాన్ని అలాగే పట్టుకొని కూర్చుంటే ఈ రెండూ జరిగేవి కావేమో. విడిపోవడం ఆలస్యమైందన్నదే ఆ సీజన్ గురించి నాకున్న ఫిర్యాదు.

నా వైపు నుంచి ఒక తప్పు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పకపోతే పై మాటలు ఒడ్డున నిలబడి చెప్పినట్టు ఉంటాయి. కొన్నేళ్ల క్రితం నేను కూర్పు చూసిన ఒక బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే మొబైల్ షూటింగ్ గేము) జట్టులో నలుగురు ఉండేవారు. మా ఐజీఎల్, అంటే మ్యాచ్‌లో జోన్ చూసి జట్టును ఎటు కదిలించాలో చెప్పేవాడు, ఫినిష్‌లలో, అంటే ప్రత్యర్థులను పడగొట్టిన లెక్కలో, వెనకబడ్డాడు. మరో జట్టు నుంచి ఫినిష్‌ల పట్టికలో పైన ఉన్న అసాల్టర్ ఒకడు దొరికాడు. మేము సపోర్ట్ ఆటగాడిని బెంచ్ మీద కూర్చోబెట్టి అతన్ని తెచ్చాం. కాగితం మీద జట్టు బలపడింది. మొదటి వారం స్క్రిమ్స్‌లోనే తేలింది ఏమిటంటే, బెంచ్ మీదకు పంపిన కుర్రాడు అంతవరకు వాహనం నడపడం, కొండ మీద నుంచి చూసి సమాచారం చెప్పడం, ఐజీఎల్‌కు స్మోక్ గ్రనేడ్లు మిగిల్చి ఇవ్వడం వంటి, ఏ పట్టికలోనూ లెక్కకు రాని పనులు చేసేవాడు. ఆ పనులు ఇప్పుడు ఎవరివో ఎవరికీ చెప్పలేదు. వచ్చినవాడు తన పాత జట్టులో ఎప్పుడూ చేయలేదు, మిగతా ఇద్దరూ తమవి కావనుకున్నారు. చివరకు అవి ఐజీఎల్ నెత్తిన పడి, జోన్ చూడవలసినవాడు బండి నడుపుతూ కూర్చున్నాడు. ఆ సీజన్‌లో మేము సెమీఫైనల్ దాకా కూడా వెళ్లలేదు. తప్పు ఆటగాళ్లది కాదు. నేను తెచ్చినవాడి గురించి పది పేజీలు రాసుకున్నాను, తీసేసినవాడు చేసే పనుల గురించి ఒక్క వాక్యం రాసుకోలేదు.

సెలవు ఒక విధానంగా

ఓజీ కేసులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఆటగాడు అనా. ఎనిమిదో ఇంటర్నేషనల్ గెలిచిన తర్వాత అతను మళ్లీ విరామం తీసుకున్నాడు. పద్దెనిమిదేళ్లకు కోటి డాలర్ల జట్టులో క్యారీగా ఉన్నవాడు ఇంటికి వెళతానంటే మా దగ్గర ముందు ఒప్పందం కాగితాలు తిరగేస్తారు. ఓజీ అలా చేయలేదు. అతని స్థానంలో ముందు స్వీడన్‌కు చెందిన పైకాట్‌ను, తర్వాత ఐఎల్‌టీడబ్ల్యూను ఆడించింది. సీజన్ నడిచింది గాని మేజర్ ఒక్కటీ రాలేదు. 2019 మార్చిలో అనా తిరిగి వచ్చాడు. సీజన్ చివరికి పాయింట్ల ద్వారానే తొమ్మిదో ఇంటర్నేషనల్‌కు ఆహ్వానం దక్కింది.

ఆ విరామ కాలంలో ఓజీ చేయని పని ఒకటి ఉంది. ఖాళీ ఏర్పడింది క్యారీ కుర్చీలో. దాన్ని నోటెయిల్‌తో పూడ్చలేదు. అతనికి ఆ స్థానం కొత్త కాదు, అడిగితే కాదనేవారూ ఉండరు. అయినా మిగతా నలుగురినీ వాళ్ల వాళ్ల కుర్చీల్లోనే ఉంచి, ఒక్క కుర్చీలోనే మనుషులు మారుతూ వచ్చారు. అందువల్ల అనా తిరిగి వచ్చినప్పుడు అతనికి చోటు చేయడానికి ఎవరూ ఏమీ వదులుకోవలసిన పని పడలేదు. సెలవు మీద వెళ్లినవాడి బల్లను ఇంకొకరికి శాశ్వతంగా ఇవ్వకుండా ఉంచడం ఆఫీసుల్లో మామూలు విషయం. ఈస్పోర్ట్స్‌లో అది ఇప్పటికీ అరుదు.

2019 ఆగస్టులో షాంఘైలోని మెర్సిడెస్-బెంజ్ అరీనాలో ఓజీ గ్రూప్ దశలో 16 గేములకు 14 గెలిచింది. ఫైనల్‌లో ఎదురుగా ఉన్న టీమ్ లిక్విడ్‌లో మిడ్‌లోనూ క్యారీలోనూ పేరు తెచ్చుకున్న మిరాకిల్ ఉన్నాడు; 2015లో ఓజీ తొలి ఐదుగురిలో ఒకడు. మొదటి గేము ఓడి, తర్వాతి మూడూ గెలిచి 3–1తో ఓజీ ట్రోఫీ నిలబెట్టుకుంది. ఇంటర్నేషనల్‌ను రెండుసార్లు గెలిచిన మొదటి జట్టు ఇదే, అదీ వరుసగా, అదే ఐదుగురితో. ప్రైజ్ పూల్ 3.43 కోట్ల డాలర్లు, విజేత వాటా 1.56 కోట్ల డాలర్లు. ఆ టోర్నమెంట్‌లో అనా అయో అనే హీరోను (ఆటగాడు ఎంచుకునే పాత్రను హీరో అంటారు) క్యారీగా ఆడాడు. అందరూ ఆ హీరోను సపోర్ట్‌కు, అంటే చివరి ఆయకట్టు స్థానానికి మాత్రమే వాడేవారు. స్థానాల గురించి ఇంత స్వేచ్ఛగా ఆలోచించగలిగిన జట్టు హీరోల విషయంలోనూ అలాగే ఆలోచించడంలో నాకు ఆశ్చర్యం లేదు.

పేర్లు పెరిగిన జట్టు

2020 జనవరిలో జెరాక్స్ ఆట నుంచి రిటైరయ్యాడు. సెబ్ ఆడడం ఆపి తెర వెనక్కు వెళ్లాడు. అనా మూడోసారి విరామం ప్రకటించాడు. వాళ్ల స్థానాల్లోకి మలేషియాకు చెందిన మిడ్‌వన్, ఉత్తర మాసిడోనియాకు చెందిన సక్సా, పాకిస్తాన్‌లో పుట్టి 2015లో పదహారేళ్లకే ఈవిల్ జీనియసెస్‌తో ఇంటర్నేషనల్ గెలిచిన సుమేల్ వచ్చారు. పేర్ల బరువు చూస్తే ఓజీ అంతవరకు కూర్చిన జట్లన్నిటికంటే ఇది గొప్పది.

ఇక్కడ నా గడిని నింపి చూడండి. మిడ్‌వన్, సుమేల్ ఇద్దరూ మిడ్‌లో పేరు తెచ్చుకున్నవాళ్లే, ఓజీలో మిడ్ మాత్రం టాప్సన్‌ది. కాబట్టి సుమేల్ క్యారీకి, మిడ్‌వన్ ఆఫ్‌లేన్‌కు జరగవలసి వచ్చింది. 2018లోనూ నాలుగు కుర్చీలు కదిలాయి గదా, తేడా ఏమిటని ఒక కుర్రాడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్నే. 2018లో త్యాగం చేసినవాళ్లు సంస్థలో పాతవాళ్లు, అక్కడే ఉండబోయేవాళ్లు. 2020లో త్యాగం చేయవలసి వచ్చినవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లు. పాతవాడు కొత్తవాడి కోసం జరిగితే ఇంట్లో చోటు పెరుగుతుంది. కొత్తవాడే జరగవలసి వస్తే అతను అతిథిగానే ఉండిపోతాడు. దీనికి కోవిడ్ తోడైంది. ఒకే ఇంట్లో ఉండి సర్దుకోవలసిన కాలంలో ఎవరి దేశంలో వారు కూర్చొని ఆన్‌లైన్‌లో ఆడారు. ఇంటర్నేషనల్ ఏడాదికి పైగా వాయిదా పడింది. కాబట్టి నా వివరణ ఒక్కటే కారణమని చెప్పడం అన్యాయం అవుతుంది. ఏదేమైనా 2020 జూలైలో సుమేల్‌ను పంపించి, సెబ్ మళ్లీ ఆడడం మొదలుపెట్టాడు.

2021 ఏప్రిల్‌లో అనా మూడోసారి తిరిగి వచ్చాడు. రెండుసార్లు పనిచేసిన మందు కాబట్టి అందరూ నమ్మకంగానే ఉన్నారు. జూన్‌లో అతను రిటైర్మెంట్ ప్రకటించాడు. క్వాలిఫయర్లకు ముందు సుమేల్‌నే మళ్లీ పిలవవలసి వచ్చింది. జట్టు క్వాలిఫై అయింది. బుకారెస్ట్‌లో జరిగిన పదో ఇంటర్నేషనల్‌లో, ఆ ఏడాది విజేతగా నిలిచిన టీమ్ స్పిరిట్ చేతిలో ఓడి 7–8 స్థానాల్లో ముగించింది. మేనేజర్లు ఈ భాగాన్ని దాటవేసి 2018, 2019ల గురించే మాట్లాడుకోవడం నేను చాలాసార్లు చూశాను. సెలవు విధానం మంచిదే గాని, సెలవు మీద వెళ్లినవాడు తిరిగి రావడం ఒక ప్రణాళిక కాదు. రెండుసార్లు వచ్చిన వాన మూడో ఏడూ అదే వారంలో వస్తుందని విత్తనాలు చల్లితే ఏమవుతుందో అదే జరిగింది.

కుర్రాళ్లకు అప్పగించడం

2021 నవంబర్‌లో ఓజీ ఒకేసారి ఐదు కుర్చీలనూ కొత్తవారికి ఇచ్చింది. ఉక్రెయిన్‌కు చెందిన యురాగి, బల్గేరియాకు చెందిన బీజెడ్‌ఎం, జోర్డాన్‌కు చెందిన ఏటీఎఫ్, నార్వేకు చెందిన టైగా, కెప్టెన్‌గా రష్యాకు చెందిన మీషా. నోటెయిల్, టాప్సన్ ఆట నుంచి పక్కకు జరిగారు. ఇక్కడ ఎవరూ తమ స్థానం వదులుకొని ఇంకో స్థానానికి మారలేదు. క్యారీగా పెరిగినవాడు క్యారీగానే, ఆఫ్‌లేన్‌లో పెరిగినవాడు ఆఫ్‌లేన్‌లోనే ఆడారు. పాతవాళ్లు వదులుకున్నది స్థానం కాదు, ఆటనే. పేర్లు తక్కువ, సర్దుబాట్లు తక్కువ. 2020 నాటి కూర్పుకు అన్ని విధాలా తిరగబడిన కూర్పు.

2022 మేలో స్టాక్‌హోమ్ మేజర్‌కు వీసా ఇబ్బంది వల్ల మీషా వెళ్లలేకపోయాడు. కెప్టెన్ లేని నలుగురు కుర్రాళ్లతో స్టాండ్-ఇన్‌గా, అంటే తాత్కాలికంగా బదులు ఆడేవాడిగా, సెబ్ కూర్చున్నాడు. అంతకుముందు కోచ్‌గా, ఆఫ్‌లేన్ ఆటగాడిగా ఉన్నవాడు ఈసారి ఐదో స్థానంలో, వార్డులు కొనే కుర్చీలో ఆడాడు. ఫైనల్‌లో టీఎస్‌ఎమ్‌ను 3–1తో ఓడించి ఓజీ తన ఐదో మేజర్ గెలిచింది. టోర్నమెంట్ ముగిశాక సెబ్ ఆ కుర్చీని మీషాకు తిరిగి ఇచ్చేశాడు.

ఇప్పుడు నా కాగితంలో ఆ గడి ఉంది. వచ్చేవాడి పేరు పక్కన, అతని వల్ల ఎవరి పని మారుతుందో, ఆ మార్పు గురించి ఆ వ్యక్తితో ఎవరు ఏ తేదీన మాట్లాడారో రాయాలి. ఆ తేదీ ఖాళీగా ఉంటే ఒప్పందం మీద నేను సంతకానికి పంపను. పోయిన సీజన్‌లో రెండు పేర్లు అలా ఆగిపోయాయి.